మ్యూట్‌లో దగ్గు

శుక్రవారం సాయంత్రం ఐదూ పదికి వచ్చింది మెయిలు.
ఐదింటికి ముందే పంపితే
ఎవరైనా ఏమైనా అడుగుతారని కాబోలు.
వచ్చే నెల ఒకటి నుంచి
మంగళ, బుధ, గురువారాలు
హైదరాబాదులో, ఏడో అంతస్తులో
మనుషుల్లా కనబడాలట.

కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను.
సోమవారం రాత్రి బస్సు, గురువారం రాత్రి బస్సు,
ముగ్గురు పడుకునే గదిలో ఒక మంచం,
ఆ మంచానికి నెలంతా అద్దె,
నేను లేని రాత్రుళ్ళకి కూడా.

గుంటూరులో నా ఆఫీసు
నల్లచెరువులో ఓ మేడమీద గది.
కుర్చీ, మా ఆయన మూసేసిన జిరాక్సు షాపుది.
ఎదురింటి వరండాలో మీరాబీ
మిర్చి టిక్కీ బోర్లించిన నిమిషానికి
మీటింగులో నేను మ్యూట్.
ఐదేళ్ళుగా మా టీము నా గొంతు విన్నది,
దగ్గు వినలేదు.
పుణెలో ఉండే మృణ్మయి ఒకసారి అడిగింది,
కళ్ళెందుకలా ఉన్నాయి, ఏడ్చావా అని.
ఎండలు, అన్నాను.
ఘాటుని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక.

మెయిలు మీద కాల్లో పెద్ద రభస.
పని ఎక్కడ ఆగిందో చూపించండి, అన్నాడు కౌండిన్య.
కాఫీ మెషిన్ దగ్గరే ఆలోచనలు పుడతాయి, అన్నాడు పై ఆయన.
సుహాసిని కెమెరా వెయ్యకుండానే అంది:
నేనొస్తాను. వారానికి ఏడు రోజులైనా వస్తాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.
నాకు తెలుసు.

గ్యాసు బండ వస్తుంది, ఇంట్లోనే ఉన్నావుగా.
మామయ్యగారికి బీపీ చూడు, ఇంట్లోనే ఉన్నావుగా.
వీధి వీధంతటి పార్సిళ్ళూ నా గుమ్మంలోనే దిగుతాయి.
పప్పు మూడో విజిల్ని
క్లయింటు కూడా గుర్తుపడతాడు.
లాగిన్ అయి ఉన్న మనిషి
ఖాళీగా ఉన్న మనిషి కింద లెక్క.

అలాగని ఆఫీసు మీద ప్రేమా? అదీ కాదు.
ఆ ఏసీకి వేళ్ళు కొయ్యబారేవి.
చింతకాయ పచ్చడి మూత తీస్తే
పక్క సీటు మనిషి కుర్చీ జరిపేది.
నాకు గుర్తొచ్చేదల్లా
బస్టాపు నుంచి గేటు దాకా పదకొండు నిమిషాల నడక.
అటు ఇల్లు కాదు, ఇటు ఆఫీసు కాదు.
ఆ పదకొండు నిమిషాలూ
నేనెవరికీ అందేదాన్ని కాదు.

ఆదివారం ఆమె మెట్ల మీద కూచుని ఇదంతా చెప్పాను.
మీరాబీ వేళ్ళు ఆపకుండా విన్నది.
కాయ, చిటుక్కు, తొడిమ.
కాయ, చిటుక్కు, తొడిమ.
"నేనూ షెడ్డుకి పోయేదాన్నే, మోకాళ్ళు అరిగేదాకా.
కిలో రేటు అక్కడా ఇక్కడా ఒకటే.
ఇక్కడ ఆలస్యమైందని అరిచే మేస్త్రీ లేడు.
మనవడికి అన్నం పెట్టుకోవచ్చు, ఈ చేత్తో కాదనుకో.
కానీ అక్కడ మంట నలభై మందిది.
ఒకతి తుమ్మితే షెడ్డంతా నవ్వేది.
ఇక్కడ మంట నా ఒక్కదానిదే."
కాసేపాగి,
"నీకు చేతులు మండవుగా?" అంది.
చూసుకున్నాను. మండవు.
సాయంత్రానికి ఇంత చేశానని
కాటా మీద పెట్టి చూపించడానికీ ఏమీ లేదు.

రాత్రి ఫారం తెరిచాను.
మినహాయింపు కావాలంటే
రెండొందల అక్షరాల్లో కారణం.
మామయ్యగారు, అని రాసి కొట్టేశాను.
అద్దె, అని రాసి కొట్టేశాను.
రావాలనే ఉంది, రాలేను.
రాగలను, రావాలని లేదు.
రెండూ రాసి చూశాను. రెండూ నిజమే.
రెండూ పెట్టెలో పట్టాయి, ఇంకా చోటు మిగిలింది.

పొద్దున్నే కేకేసింది మీరాబీ,
అరచేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ.
మనవడి బడి బూట్లు కొరియర్లో వస్తాయట,
తను తూకం వేయించడానికి పోవాలట.
"వచ్చే సోమవారం ఇంట్లోనే ఉంటావుగా?"

ఉంటానన్నాను.
మంగళవారం సంగతి
ఆమె అడగలేదు.